వాయించని ముగింపు

ఆ ఉదయం వెళ్ళైసామి చేతిలో ఉన్న ఆస్తి ఇంతే: నేతపని చేసిన తండ్రి కొనిపెట్టిన వయొలిన్, తల్లి వల్లియమ్మాళ్ నోట విన్న ఒక పాట, బావ ఇచ్చిన మాట. మూడింటిలో బావ మాటే గట్టి సరుకని అతను నమ్మాడు.

కోవిల్‌పట్టిలో మిద్దె మీద పందిరి కింద వంగి, పొట్లపిందెల కొసలకు రాళ్ళు కడుతున్నాడు. కాయ మెలిక తిరక్కుండా దిగాలంటే బరువుండాలి. కట్టడానికి అతను వాడేది అరిగిపోయిన వయొలిన్ తీగెలు. పురికొస వానకు కుళ్ళుతుంది, తీగె కుళ్ళదు. వాడి పారేసేదానిలో కూడా కాస్త పని పిండుకోవడం అతని గుణం. చేతికొచ్చిన కాయ ఒకటి కోసి, బస్సు వేళవుతోందని తీగె విప్పకుండా రాయితోనే అరిటాకులో చుట్టాడు. అక్క గాంధిమతికి పొట్లకాయ కూటంటే ప్రాణం.

ఆ రోజు విరుదునగర్‌లో అక్క కూతురు కార్తిక పెళ్ళి.

బావ బాలసుబ్రమణియన్ పాటకచ్చేరి బృందం నడుపుతాడు. అందులో వెళ్ళైసామి వయొలిన్. సినిమా పాట విని ఏ వాద్యం ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఊరుకోవాలో రాసిచ్చేది కూడా అతనే. పోస్టరు మీద పేరు బావది. ఆ తేడా తెలియక కాదు, అక్క కాపురం ఉన్నచోట బేరమాడకూడదని ఊరుకున్నాడు.

ఈ పెళ్ళికి మాత్రం తనదంటూ ఒకటి కట్టాడు. తమిళనాట స్థిరపడ్డ వాళ్ళ తెలుగు ఇళ్ళలో పిల్లను సాగనంపేటప్పుడు ఆడవాళ్ళు పాడే పాట ఉంది. దాని చివరి పాదం పుట్టింటివాళ్ళు పాడరు. అత్తింటి గడప దాటాక అక్కడి పెద్దావిడ పాడి ముగించాలి. ముందే ముగిస్తే పిల్ల మళ్ళీ రాకుండా తలుపు మూసినట్టు. ఆ పాటకు వేణువు, మద్దెల, వయొలిన్ కూర్చి, చివరి పాదం ముందు అన్నిటినీ ఆపేశాడు. శ్రుతి ఒక్కటే మోగుతుంటే పిల్ల బయటికి నడవాలి. పాట మొత్తానికి ఖరీదైన చోటు ఆ ఖాళీయే. ఆ పాటను తనే వాయించాలి. అదే బావ ఇచ్చిన మాట.

అంతకుముందు, పొంగలి వచ్చే తై నెలలో, బావ అతన్ని విరుదునగర్ గదిలో మైకు ముందు కూర్చోబెట్టాడు.

"సుమ్మా, ఊరికే మైకు సరి సూడాల. ఒక్కో సొరం విడిగా వాయించు. నిలబెట్టి ఒకతూరి, జార్చి ఒకతూరి."

వెళ్ళైసామి పొద్దుగూకే దాకా వాయించాడు. మచ్చు అడిగినవాడికి గుప్పెడు గింజలు చూపాలి. అతను మూటంతా కుమ్మరించి వచ్చాడు.

మండపం గుమ్మంలోనే బావ దండ వేశాడు. "రా మేనమామా. నువ్వు కూసునే ఇడం ముందు వరసన, సోపాలో."

వేదిక మీద కీబోర్డు ఉంది, మద్దెల ఉంది. వయొలిన్‌కు కుర్చీ లేదు.

"నేను యాడ కూసోవాల బావా?"

"మేళగాళ్ళతో కూసుంటే సమ్మందోళ్ళు ఏమనుకుంటారు? మామ మర్యాద ఉండక్కర్లా?"

"మరి పాట?"

"దానికి ఏర్పాటు అయిపోయినాది."

మర్యాద పేరుతో చేతిలో పెట్టినదాన్ని పదిమందిలో తిరిగి ఇచ్చేయడం కష్టం. వయొలిన్ పెట్టె సోఫా వెనక పెట్టి కూర్చున్నాడు. తల్లి చెల్లెలు ముత్తమ్మాళ్ పక్కన చేరి అరిటాకు తొలగించి చూసింది.

"ఏంరా, మేనమామ పెట్టే సీరు పొట్లకాయేనా?"

"పట్టుచీర ముందే ఇచ్చినా చిన్నమ్మా. ఇది కూటుకు."

"రాయి కూడా కూటులోకేనా?"

ఆమె నవ్వు ఆగకముందే సాగనంపే పాట మొదలైంది. బావ వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి, స్పీకర్లలో వయొలిన్ మోగుతోంది. కమాను పైకి లాగిన ప్రతిసారీ చివర సన్నని గరగర. బొటనవేలి కణుపు వాచిననాటినుంచి పోగొట్టుకోలేక సిగ్గుపడుతున్న గరగర అది. మూట మీది ముద్రలా సరుకు ఎవరిదో అదే చెప్పేసింది. తై నెలలో తానిచ్చిన స్వరాలన్నీ ఆ మీటల కింద ఉన్నాయి.

ఆగవలసిన చోటు వచ్చింది. పాట ఆగలేదు. అతను ఎన్నడూ వాయించని చివరి పాదాన్ని అతని కమానే గరగరతో సహా వాయించి ముగించింది.

"ఎవుర్రా ముగించింది? బిడ్డ ఇంకా ఈడనే ఉండాదే," అంది ముత్తమ్మాళ్.

వెళ్ళైసామి వేదిక దగ్గరికి వెళ్ళాడు. "ఆడ నిలపాల కదా బావా."

"పాట నడుమ ఆగితే కరెంటు పోయినాదనుకుంటారు. ఇంక నీకు అలుపే లేదు బామర్దీ. నువ్వు రాకపోయినా నువ్వే వాయిస్తావు."

"అక్కకు తెలుసునా?"

"నిన్ను మైకు ముందర కూసోబెట్టమన్నదే మీ అక్క. వేలు నొప్పంటాడు, ఎన్నాళ్ళు నమ్ముకుంటావు అనింది." బావ వైరు చుట్టుకోసాగాడు.

గాంధిమతి కారు దగ్గర కూతురి కుచ్చిళ్ళు సర్దుతోంది. తమ్ముడు వచ్చి నిలబడినా తలెత్తలేదు. కార్తిక అతని కాళ్ళకు మొక్కింది.

"మామా, జనంలో నిన్ను సూడలే గానీ, ఎంత బాగా వాయించినావు."

నిజం చెబితే తన సరుకు తనకు దక్కుతుంది. పిల్ల మాత్రం తల్లిదండ్రుల మీద రోత మోసుకుని కారెక్కుతుంది. ఆ బేరం అతనికి గిట్టలేదు.

"కడసి పాదం నేను వాయించలేమ్మా. అది మిషను. నీకు తలుపు తీసే ఉండాది."

"యా తలుపు మామా?"

"నాది."

కార్తిక తల్లి వైపు చూసింది, మళ్ళీ అతని వైపు చూసి తలూపింది.

కారు కదిలాక అతను వయొలిన్ తీసుకుని వెనక వాకిలి గుండా వెళ్ళి కోవిల్‌పట్టి బస్సెక్కాడు. ఆ తర్వాత ఏ కచ్చేరిలోనూ అతను కనిపించలేదు. అతని వయొలిన్ మాత్రం విరుదునగర్ పెళ్ళిళ్ళన్నిటిలోనూ మోగుతూనే ఉంది. ఖాతా తేల్చి చూస్తే పోయినవి వాయించే చేయి, బావ, అక్క. మిగిలింది ఒక్కటే. పాట చివర అతను ఊరుకోవాలనుకున్న ఊరుకోవడం ఏ మీట నొక్కినా రాదు.

పెళ్ళినాటి సాయంత్రం మండపం ఊడ్చేవాళ్ళకు మేనమామ సోఫా మీద అరిటాకులో ఒక పొట్లకాయ దొరికింది. ఏ మెలికా లేకుండా తిన్నగా ఉంది. దాని కొసన వయొలిన్ తీగెకు రాయి ఇంకా సోఫా అంచు కిందికి వేలాడుతోంది.