ఐదో అర్థం

కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెప్పే పంతులమ్మకు తమ్ముడు పెట్టిన పేరు డిక్షనరీ. ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ళ కోసం ఆమె ఒక పుస్తకం వేసింది. ఒక్క అర్థానికి ఎన్ని మాటలున్నాయో, ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో అందులో ఉంటాయి. మూడు ముద్రణలు చెల్లిపోయాయి. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ పుస్తకం కంటపడితే చాలు, ఏదో ఒకటి అనకుండా ఉండలేడు.

"ఇంత లావు పుస్తకం దేనికే అక్కా? మన 'పడు' ఒక్కటి చాలదూ? వాన పడింది, జీతం పడింది. మేనేజరుకీ నాకూ పడదు, అయినా వాడిచేత మాటలు పడుతున్నా. ఒక్క మాటతో నా సంసారం గడిచిపోతోంది!"

అలాంటివాడు నలభై ఆరో ఏట కడుపునొప్పని ఆస్పత్రికి వెళ్ళాడు. పరీక్షలు చేసి, జబ్బు లివరంతా పాకిపోయిందన్నారు. మందు పనిచేస్తే ఒక ఏడాది చూడొచ్చన్నారు. డాక్టరుకు మన భాష రాదు, తమ్ముడి భార్యకు ఇంగ్లీషు రాదు. అందుకని డాక్టరు మాట విని మరదలికి చెప్పే పని మొదటిరోజు నుంచీ పంతులమ్మదే అయింది.

ఆస్పత్రిలో చేరిన మూడో వారం, గురువారం పొద్దున పదకొండింటికి, రెండు క్లాసుల మధ్య స్టాఫ్ రూములోంచి ఆమె డాక్టరుకు ఫోన్ చేసింది. "కంఫర్టబుల్‌గా ఉన్నాడు. ఇక మేము కంఫర్టబుల్‌గా ఉంచుతున్నాం, అంతే," అన్నాడాయన ఇంగ్లీషులో. బెల్లు మోగింది. థాంక్స్ చెప్పి పెట్టేసింది. మళ్ళీ అడగడం ఆమెకు అలవాటు లేదు. అడిగించుకోవడమే అలవాటు.

వెంటనే మరదలికి ఫోన్ చేసింది.

"వాడికి కాస్త తెరిపిగా ఉందట. నాలుగు రోజులై వాడి పక్క కుర్చీలోనే ఉన్నావు, ఇంటికెళ్ళి స్నానం చేసి కాసేపు నడుం వాల్చు. నాలుగింటికి నేను వెళ్తాగా."

"నిజంగా పరవాలేదా వదినా?"

"డాక్టరే చెప్పాడు."

"అమ్మయ్య," అంది మరదలు. ఆ మాట చాలా పొడుగ్గా అంది.

పంతులమ్మ నాలుగింటికి వెళ్ళేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. మూడూ పదికి పోయాడని చెప్పి, నర్సు ఒక ఫారం చేతికిచ్చింది. పంతులమ్మ దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. తేదీ గడిలో రోజు ముందు రాయాలా, నెల ముందు రాయాలా అని అడిగింది. నర్సు చెప్పింది. రాసింది. తరవాత మంచం కింద ఉన్న తమ్ముడి చెప్పులు తీసి, మడమలు కలిపి ఒక కవరులో పెట్టుకుంది.

బంధువులు వచ్చి వెళ్ళారు. గుండె రాయి చేసుకుందన్నారు ఆమెను చూసి. ఆమెకు రాయిలాగా ఏమీ అనిపించలేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే నాలుక ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది. తన నాలుకేనని తెలుస్తుంది, కొరికినా తెలియదు. వారం తిరక్కుండా క్లాసులకు వెళ్ళింది. సుద్దముక్కతో బోర్డు మీద రాసింది, చెరిపింది, రాసింది.

మూడు వారాల తరవాత తమ్ముడి కాగితాల కోసం ఆస్పత్రికి వెళ్తే, కౌంటరు దగ్గర ఆనాటి నర్సే ఉంది. ఆమెకూ ఇంగ్లీషే.

"ఆ రోజు పొద్దున్నే డాక్టరు మీకు చెప్పారు కదా. అయినా ఎవరూ రాలేదేమని అనుకున్నాం," అంది నర్సు.

"కంఫర్టబుల్‌గా ఉన్నాడన్నారు."

"అవును. మందులన్నీ ఆపేశాం, నొప్పి తెలియకుండా చూస్తున్నాం అని. ఇక్కడ ఆ మాటకు అదే అర్థం."

పంతులమ్మ కాగితాలు సర్దుకుంది. "పక్కన ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నాను. రెండుసార్లు ఏదో అడిగాడు. మీ భాష నాకు రాదు కదా. మంచినీళ్ళేమోనని పెదాలు తడిపాను."

ఇంటికొచ్చేసరికి నాలుగో ముద్రణ ప్రూఫులు బల్ల మీద ఉన్నాయి. 'కంఫర్టబుల్' ఉన్న పేజీ తీసింది. ఆమె ఇచ్చిన అర్థాలు నాలుగు. ఒంటికి హాయిగా ఉండటం, మొహమాటం లేకపోవడం, లోటు లేకుండా బతకడం, ఆటలో సునాయాసంగా గెలవడం. పక్కనే మార్జిన్‌లో ఎర్ర కలంతో ఐదోది రాసింది: 'నయం చేసే ప్రయత్నం మాని, రోగికి నొప్పి లేకుండా మాత్రం చూడటం.' అక్షరాలు గుండ్రంగా, ఎప్పటిలాగే వచ్చాయి. వంకర పోతే బాగుండునని అనుకుంది, అంతే.

ఆ సాయంత్రమే మరదలి ఇంటికి వెళ్ళింది. మరదలు బట్టలు మడతపెడుతోంది. నిలబడే చెప్పేసింది, దాచకుండా, నర్సు అన్నదంతా.

మరదలి చేతిలో అతని చొక్కా ఉంది. మడత పూర్తిచేసి కింద పెట్టింది.

"ఆ మాట అలాగే చెప్పుంటే నేను వెళ్ళకపోదునుగా?"

"వెళ్ళేదానివి కావు."

"తలంటు పోసుకున్నాను వదినా. ఇంత తిన్నాను. పడుకుంటే హాయిగా నిద్ర పట్టింది. మూడింటికి మంచి నిద్రలో ఉన్నాను."

మరదలు తలుపు వైపు చూసింది. పంతులమ్మ చెప్పులేసుకుని వచ్చేసింది.

రెండు నెలలు ఫోను లేదు. మూడో నెలలో ఒక సోమవారం మరదలు కోచింగ్ సెంటర్‌కు వచ్చి, ఆఫీసులో అందరిలాగే ఫారం నింపి, ఇరవయ్యేళ్ళవాళ్ళ మధ్య మూడో బెంచీలో కూర్చుంది.

"ఇకమీద నాకు చెప్పే మాట నేనే వింటాను," అంది క్లాసయ్యాక. "నేర్పుతావా?"

"నేర్పుతాను."

క్లాసులో వదిన అనేది కాదు, మేడమ్ అనేది. నెలలు గడిచాయి. మరదలి ఇంగ్లీషు కుంటుతూ నడిచేది. ఒక్కోసారి చతికిలబడేది. ఆమె సిగ్గుపడేది కాదు.

వానాకాలంలో మరదలి మెడ కింద చిన్న గడ్డ కనబడింది. పరీక్షలు చేయించుకుంది. రిపోర్టు కోసం వెళ్ళేరోజు పంతులమ్మను రమ్మంది. "నువ్వు పక్కన కూర్చో చాలు. మాట్లాడకు."

ఇది వేరే ఆస్పత్రి, వేరే డాక్టరు. ఆవిడ కాగితం చూసి, అంతా 'అన్‌రిమార్కబుల్' అంది. దాని అర్థం పంతులమ్మకు తెలుసు. పళ్ళ బిగువున ఊరుకుంది.

మరదలు ముందుకు వంగింది. "నాకు ఆ మాట రాదు. మంచా, చెడా? చిన్న మాటల్లో చెప్పండి."

డాక్టరు నవ్వి, "భయపడాల్సింది ఏమీ లేదు," అంది.

"మళ్ళీ చెప్పండి."

డాక్టరు ఇంకా నెమ్మదిగా చెప్పింది. మూడోసారి ఆ ముక్కే కాగితం మీద రాయించుకుని లేచింది మరదలు.

మెట్లు దిగుతూ అడిగింది. "సరిగ్గానే అర్థం చేసుకున్నానా?"

"సరిగ్గానే."

"అడిగితే మళ్ళీ చెప్తారు వదినా వాళ్ళు."

ఎత్తిపొడుపు కాదది. కొత్తగా తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పింది. పంతులమ్మ మెట్ల మధ్యలో ఆగిపోయింది. వెనక వస్తున్నవాళ్ళు పక్కకు తప్పుకుని దిగిపోతున్నారు. మరదలు నాలుగు మెట్లు కిందికి వెళ్ళి, వెనక్కి చూసి, తిరిగి పైకొచ్చింది.

"బస్సు వెళ్ళిపోతుంది," అని చెయ్యి పట్టుకుంది.