ఐదో అచ్చనగాయ

ఏళ్ల తరబడి సల్మియాను ఒక అనుమానం వదలలేదు. మూడో తరగతిలో పెట్టిన ఆ పరీక్ష తనలో ఏం చూసింది? పక్కన కూర్చున్న లియన్‌లో ఏం చూడలేకపోయింది?

బెడోక్ పేట బడిలో ఇద్దరిదీ ఒకే బల్ల. వరుసలో తర్వాత ఏ బొమ్మ రావాలో కనిపెట్టే చిక్కులెక్కలు లియనే ముందు విప్పేది. విప్పి, సల్మియాకు అర్థమయ్యేదాకా చెప్పేది. తెలివైన పిల్లల్ని ఏరి వేరే ప్రత్యేక బడికి పంపడానికి తరగతి మొత్తానికీ ఒక పరీక్ష పెట్టారు. అందులో గట్టెక్కిన కొద్దిమందిని రెండోదానికి పిలిచారు. వీళ్లిద్దరూ వెళ్లారు.

గదిలోకి వెళ్లే ముందు లియన్ తన ఐదు అచ్చనగాయల్లోంచి ఒకటి తీసి సల్మియా జేబులో వేసింది. వాళ్ల అవ్వ ఎర్రగుడ్డలో పెసలు పోసి కుట్టినది.

"భయమేస్తే నొక్కుకో. కొత్త బడిలో ఆడుకునేటప్పుడు తిరిగి ఇద్దువుగాని."

కొత్త బడికి సల్మియా ఒక్కతే ఎంపికయింది.

వాళ్ల నాన్న తాముండే భవనంలో అంతస్తులన్నీ తిరిగి కొబ్బరి కుయె మిఠాయి పంచాడు. "అల్లా ఏరి ఇచ్చాడు, కాదనకూడదమ్మా," అన్నాడు. సల్మియా కాదనలేదు. చీకటితోనే బస్సెక్కేది. విరామంలో బడి క్యాంటీన్‌లోని మలయ్ తిండి కొట్టు ముందున్న బెంచీ చివర ఒంటరిగా నాసి లెమాక్ కొబ్బరన్నం తినేది. తక్కినవాళ్లు పియానో గురించీ ట్యూషన్ల గురించీ మాట్లాడుకునేవారు. తను జేబులో చెయ్యి పెట్టుకుని పెసల గింజల్ని నొక్కుతూ కూర్చునేది. అచ్చనగాయ ఇవ్వడానికి వెళితే లియన్ ముఖం చూడాలి. అందుకే వెళ్లలేదు. ఆ తర్వాత ఇల్లు మారారు.

ఇప్పుడు కూతురు ఇర్దీనా కూడా అలాంటి బడికే ఎంపికయింది. శుక్రవారంలోగా బడికి సమాధానం చెప్పాలి. భర్త జుల్కిఫ్లి పొద్దుటి నుంచీ చుట్టాలందరికీ ఫోన్లు చేస్తున్నాడు.

"మక్, షిన్ యూ కూడా వస్తుందా?" అని తల్లిని అడిగింది ఇర్దీనా. షిన్ యూ బడిలో దాని పక్కన కూర్చునే నేస్తం.

"రాదమ్మా."

"మరి నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

 సాయంత్రపు అసర్ నమాజులో కూడా సల్మియాకు అదే ప్రశ్న. దేవుడు ఇచ్చినదాన్ని వద్దంటే కృతఘ్నత కాదూ? కానీ ఇచ్చింది దేవుడేనా?

నమాజు కాగానే బీరువా అడుగు నుంచి ఆ ఎర్రగుడ్డ అచ్చనగాయ తీసి, పిల్లను వెంటబెట్టుకుని బెడోక్ బస్సెక్కింది. బస్టాండు పక్కన లియన్‌కి కళ్లద్దాల షాపుంది. సల్మియా ఎన్నోసార్లు అద్దంలోంచి చూస్తూ దాటిపోయిందే కానీ ఏనాడూ తలుపు తొయ్యలేదు.

లియన్ తలెత్తి కాసేపు చూసింది. "సల్మియా, మన మియావేనా? అంత తెలివిగలదానివి, మా షాపు కనుక్కోవడానికి ఇన్నేళ్లు పట్టిందా?"

"కనుక్కున్నా. లోపలికి రావడానికే పట్టింది."

"ఇప్పుడు చూపు తగ్గి వచ్చావా మరి? కూర్చో. ఈ పిల్ల నీదేనా, నీ ముక్కే."

సల్మియా కూర్చోలేదు. "లియన్, రెండో పరీక్షలో ఏమయింది నీకు?"

"ఏ పరీక్ష?" లియన్ కాస్త ఆలోచించి పకపకా నవ్వింది. "ఓ, అదా. పరీక్ష రోజు కోడి కషాయం తాగిస్తారుగా మా చైనీయుల ఇళ్లలో? మా అమ్మ ఒక సీసా బుర్రకి, ఇంకోటి అదృష్టానికి అని రెండు పట్టించింది, పరగడుపున. సగం పేపరు నేను రాశాను, సగం సేపు బాత్రూములో ఉన్నాను. ఈ రోజుకీ ఆ వాసన పడదు నాకు."

"అంతేనా?"

"అంతే. నువ్వింకా దాన్నే పట్టుకుని కూర్చున్నావా?" లియన్ నవ్వు మెల్లగా ఆగింది. "పరీక్ష వారానికే మర్చిపోయా మియా. నువ్వు రాకపోవడమే మర్చిపోలేదు. మెట్ల దగ్గర ఎదురుచూసేదాన్ని. నాలుగింటితో ఏం ఆడతాం? నీ తర్వాత నా పక్కన కూర్చున్నదానికి ఆటే రాదు."

ఇర్దీనా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సల్మియా ఆ చేతిని చూసింది. ఇన్నాళ్లూ దేవుడి తీర్పనుకున్నది రెండు సీసాల కషాయం. దేవుడు తెలివి ఇచ్చి ఉంటాడు. ఏ బల్ల దగ్గర కూర్చోవాలో మాత్రం ఆయన రాసిపెట్టినట్టు లేదు.

"నీకు వెళ్లాలనుందా?" అని కూతుర్ని మొదటిసారి అడిగింది.

"షిన్ యూ దగ్గరే ఉంటా మక్. కోప్పడతావా?"

"లేదమ్మా."

జుల్కిఫ్లికి ఫోన్ చేసి, "ఇప్పుడున్న బడిలోనే చదువుతుంది, ఇంటికొచ్చి చెబుతా," అంది. "చుట్టాలందరికీ చెప్పేశానే," అన్నాడతను. "సరే, రా," అని పెట్టేశాడు.

అప్పుడు సల్మియా ఎర్రగుడ్డ అచ్చనగాయ తీసి గాజుబల్ల మీద పెట్టింది. రంగు వెలిసి గులాబీ అయిపోయింది.

"తక్కినవి ఉన్నాయా?"

"అవ్వ పోయాక అవీ ఎక్కడో పోయాయి."

లియన్ దాన్ని చేతిలోకి తీసుకుని గాల్లోకి ఎగరేసింది. అలవాటుగా అదే చెయ్యి బల్ల మీదికి వెళ్లింది, తక్కిన నాలుగూ ఏరుకోవడానికి. అక్కడేమీ లేవు. పడుతున్నదాన్ని మాత్రం పట్టుకుంది.