ఎండిన చెట్టు మీద కప్ప

కుంట పక్కన రాతి స్తంభానికి అంటించిన స్టిక్కర్ మూలలను జిగురాయన బొటనవేలితో మరోసారి నొక్కి చూశాడు. ఒక్క మూలా లేవలేదు. రాత్రి మంచు కురిసినా పట్టు వదల్లేదు. అదే ఆయనకు నచ్చలేదు. వెనక పొర లాగితే చాలు, దానంతటదే అతుక్కుపోయే ఈ జిగురు మీద ఆయనకు మొదటి నుంచీ గురి కుదరలేదు. జిగురంటే పొయ్యి మీద ఉడకాలి, గరిటె బరువెక్కాలి, వేలికి తీసుకుంటే తీగ సాగాలి. ఆ పని ఇంట్లో భార్యది. ఈ స్టిక్కర్లు వచ్చాక ఆమె "పీడ విరగడైంది" అని పైకి అన్నదే గాని, పిండి ఉడికించే గిన్నెను మాత్రం ఇంకా అటక ఎక్కించలేదు.

జిగురాయన మనిషి పొడుగు. ఎప్పుడో నిచ్చెన మీంచి పడ్డప్పుడు ఒక భుజం కిందికి జారి అక్కడే స్థిరపడిపోయింది. అందుకని నిటారుగా నిలబడ్డా ఎవరి మాటో వినడానికి వంగినట్టు కనిపిస్తాడు. జనం కూడా ఆ భంగిమ చూసి ఆగి ఏదో ఒకటి చెబుతుంటారు. చొక్కా చేతులు ఎన్ని ఉతుకులు ఉతికినా అట్టముక్కల్లా బిరుసుగానే ఉంటాయి. అసలు పేరు రేషను కార్డులో ఉంది. దానితో పిలిచే వాళ్లు మాత్రం ఒక్కొక్కరే పోయారు.

ఊళ్లో గోడల మీద బొమ్మలు అంటించడమే ఆయన బతుకు. సినిమా బొమ్మలు, ఓట్ల బొమ్మలు, సర్కసు బొమ్మలు, తప్పిపోయిన మనుషుల బొమ్మలు. వాటిలో వారం దాటి నిలిచింది లేదు. తను అంటించిన మొహం మీద తనే మరో మొహం అంటించేవాడు. బొమ్మ బతుకే అంత అనుకున్నాడు గాని, దాని గురించి ఎప్పుడూ దిగులు పడలేదు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి గోడల పని గోడలకే వదిలేశాయి. చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషిని టీచరమ్మ పిలిచి ఈ పని ఇచ్చింది.

టీచరమ్మ పార్కు గేటు పక్కన ఒక గది తీసుకుని, మన చుట్టూ బతికే పిట్టల గురించీ పురుగుల గురించీ ఊరందరికీ ఊరికే పాఠాలు చెబుతుంది. పుస్తకాలు ఊరికే, బొమ్మలు ఊరికే, పెరట్లో పిట్టలకు నీళ్లు ఎలా పెట్టాలో చూపించడం కూడా ఊరికే. ఊరికే అనగానే జనానికి అనుమానం. "తర్వాత ఏం అంటగడతారు?" అని జిగురాయనను పక్కకు పిలిచి అడిగిన వాళ్లున్నారు. ఆదివారం పాఠాలకు ఆయన కూడా వెనక వరసలో కూర్చునేవాడు. మొదట ఫ్యాను కోసం కూర్చున్నాడు, తర్వాత నిజంగానే విన్నాడు. విన్నవన్నీ తలకెక్కాయి గాని, ఎక్కిన చోట ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గబ్బిలం సంగతి గుడ్లగూబకూ, తొండ సంగతి తాబేలుకూ తగిలించి, దారిన పోయే వాళ్లకు ఎంతో ఆప్యాయంగా చెప్పేవాడు.

ఈ స్టిక్కర్లు టీచరమ్మ కొత్త ఆలోచన. పార్కు దారి వెంట ఐదు చోట్లు. కుంట దగ్గర కప్ప, చిన్న వంతెన దగ్గర గబ్బిలాలు, పాత గోడకు తొండ, పూల మడుల దగ్గర సీతాకోకచిలుక, చివర ఎండిన చెట్టుకు గుడ్లగూబ. ఫోను పెట్టి చూస్తే ముందు ఆ జీవి అరుపో రెక్కల చప్పుడో వినిపిస్తుంది, తర్వాత పాఠం వస్తుంది. దేనికీ పేరు వేయించలేదు. "పేరు వేస్తే ఇంకెవరు ఫోను తీస్తారు బాబాయ్? ఏముందో చూద్దామని ఉండాలి" అంది. దాంతో జిగురాయన చేతికి వచ్చినవన్నీ ఒకేలాంటి నల్ల గళ్లు. సినిమా బొమ్మైతే హీరో తల పైకుండాలని తెలుసు. దీనికి తలా తోకా ఉంటేగా!

అన్నిటికంటే ముఖ్యం ఆ చివరిది. ఎండిన చెట్టు నడిచే దారి మీదికి వాలింది. కొట్టేయాలని పార్కు వాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు. టీచరమ్మ వాళ్ల చుట్టూ తిరిగి ఒక ఒప్పందానికి తెచ్చింది. చెట్లు కొట్టే మేస్త్రీ స్టిక్కర్ ఉన్న చెట్టు దగ్గర ఫోను పెట్టి చూస్తాడు. ఇక్కడ గూడు ఉందని అది చెబితే పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టుకోడు, లేకపోతే కొట్టేస్తాడు. మేస్త్రీ ఈ రోజే వస్తున్నాడు.

ఆ తొర్రలో పిల్లల్ని జిగురాయన కళ్లారా చూశాడు. టీచరమ్మ దుర్భిణి ఇస్తే మొదట తిరగేసి పట్టుకున్నాడు. చెట్టు పక్క ఊళ్లో ఉన్నట్టు కనిపించింది. సరిగ్గా పట్టుకున్నాక రెండు తెల్లటి మొహాలు ఆయన్నే చూస్తున్నాయి. "ఈ చెట్టుకి అంటించేది మాత్రం అవి ఎగిరేదాకా ఉండాలి బాబాయ్" అంది టీచరమ్మ. అంటించింది ఉండాలని ఆయనతో అంతకుముందు ఎవరూ అనలేదు. ఆయనకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఇంటికి వెళ్లి ఆ మాటే భార్యకు చెప్పాడు. అన్నం దగ్గర మళ్లీ చెప్పాడు.

కుంట దగ్గరికి నడకకొచ్చిన ఒకావిడ వచ్చి నిలబడింది. రోజూ కనిపించే మనిషే, తెల్ల బూట్లు వేసుకుంటుంది. ఫోను తీసి స్టిక్కర్ ముందు పెట్టింది. ఫోనులోంచి గీరుమని ఒక కీచు అరుపు వచ్చింది. ఇద్దరూ వెనక్కి జరిగారు.

"తాతగారూ, ఇది గుడ్లగూబ అంటోందేంటి? ఇక్కడ చెట్టే లేదుగా!"

"మీ ఫోను పొరబడి ఉంటుందమ్మా."

"ఫోను పొరబడదండీ."

"మనిషే పొరబడగా లేనిది ఫోను పొరబడదా తల్లీ" అన్నాడు గాని, ఊరుకోలేకపోయాడు. ఆవిడతో పాటు వంతెన దాకా నడిచాడు. అక్కడ సీతాకోకచిలుక వచ్చింది. జిగురాయన తల గోక్కున్నాడు. పాత గోడ దగ్గర మాత్రం తొండే వచ్చింది, ఉండాల్సినదే. హమ్మయ్య అనుకోబోయి ఆగిపోయాడు. అన్నీ తప్పైతే తప్పు చేశానని ఒప్పుకుని ఊరుకోవచ్చు. రెండు తప్పై ఒకటి ఒప్పైతే మనిషి ఏమనుకోవాలి? పూల మడుల దగ్గర గబ్బిలాలు కిచకిచలాడాయి. ఆవిడ నవ్వి, "బాగా కలిపేశారు తాతగారూ, పేకముక్కల్లా" అని ఆఫీసుకు టైమైందంటూ వెళ్లిపోయింది.

జిగురాయన బెంచీ మీద కూలబడ్డాడు. టీచరమ్మ కట్ట ఇచ్చేటప్పుడు "దారి వెంట వరసగా పెట్టాను బాబాయ్, ఉన్నది ఉన్నట్టు అంటించెయ్" అంది. ఆయన వరస తప్పలేదు. ఒట్టు పెట్టి చెప్పగలడు. కట్ట చేతిలోకి తీసుకుని, ఎప్పట్లాగే అడుగు నుంచి ఒక్కొక్కటీ లాగి...

అక్కడ ఆలోచన ఆగిపోయింది. అడుగు నుంచి.

ప్రెస్సులో చివర అచ్చయిన కాగితం కట్ట మీద పైన ఉంటుంది. దాని సిరా ఆరదు. పైనుంచి తీస్తే హీరో మీసం వేళ్లకంటుకుంటుంది. అందుకని బొమ్మలు అంటించే వాడెవడైనా కట్టను అడుగు నుంచే లాగుతాడు. చెప్పి చేసే పని కాదు, చెయ్యే చేసుకుపోతుంది. ఈ స్టిక్కర్లకు తడి సిరా లేదు, ఆరబెట్టేదీ లేదు. ఆ సంగతి చేతికి ఎవరూ చెప్పలేదు. వరసంతా తిరగబడింది. నడిమిది గనక తొండ ఒక్కటి తన చోటే ఉండిపోయింది. అంటే చిట్టచివరి చెట్టుకు...

ఎండిన చెట్టు మీద కప్ప ఉంది.

గబగబా కుంట దగ్గరికి తిరిగొచ్చాడు. గుడ్లగూబ కాగితం ఊడబెరికి పట్టుకెళ్లాలని గోరు దూర్చాడు. మూల లేవదు. గీకాడు, తడి చేసి గీకాడు, బలమంతా పెట్టి లాగాడు. కాగితం నడిమికి చిరిగి సగం చేతికొచ్చింది, సగం రాతికే ఉండిపోయింది. జిగురు గట్టిగా ఉన్నందుకు జన్మలో మొదటిసారి తిట్టుకున్నాడు. సగం గుడ్లగూబను ఏ ఫోను గుర్తుపడుతుంది? జేబులో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

గదికి తాళం వేసి ఉంది. టీచరమ్మ ఏదో బడిలో పాఠం చెప్పడానికి వెళ్లింది. ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. పాఠం చెప్పేటప్పుడు ఆవిడ ఫోను సంచిలో పడేస్తుంది. ఇప్పుడేం చేయాలో ఆయనకు పాలుపోలేదు. ఇంటికెళ్లి భార్యకు చెప్పాలా, ఇక్కడే కూర్చోవాలా అనుకుంటూనే, కాళ్లు చెట్టు వైపు తీసుకెళ్తుంటే వాటి వెంట వెళ్లాడు. దారిలో చెమటలు పట్టాయి. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంది. స్టిక్కర్ గీకింది కుడి చేత్తో కదా, ఎడమ చెయ్యి నొప్పెందుకు అనుకున్నాడు. ఆ సంగతీ తేలలేదు.

చెట్టు కింద మేస్త్రీ తన ఇద్దరు మనుషులతో తాళ్లు విప్పుతున్నాడు. జిగురాయనను చూసి, ఫోను పైకెత్తి చూపించాడు. అందులో కప్ప బెకబెకమంటోంది.

"ఏంటి పెద్దాయనా ఇది? కప్ప ఎండిన చెట్టెక్కుతుందా?"

"కప్ప కాదు నాయనా. అది పొరపాటున పడింది. ఇక్కడున్నది గుడ్లగూబ. దాని కాగితం కుంట దగ్గర చిరిగిపోయింది."

"కుంట దగ్గరెందుకుంది?"

"అడుగు నుంచి లాగాను."

మేస్త్రీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "కాండం మీద నాలుగు దెబ్బలేసి చూశాం. ఏదీ ఎగరలేదు" అన్నాడు.

"ఎగరవు. చప్పుడైతే బిగుసుకుని కూర్చుంటాయి. తలకిందులుగా వేలాడుతూ..."

"అది గబ్బిలం కదయ్యా!"

జిగురాయన నాలిక కరుచుకున్నాడు. నిజమే, అది గబ్బిలం. తెలిసిన ఒక్క నిజమూ సమయానికి మరోదానితో కలిసిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిల్లలున్నాయి నాయనా. రెండు. తెల్ల మొహాలు. నేను చూశాను" అన్నాడు. అంతకంటే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

మేస్త్రీ చెడ్డవాడు కాదు. కాగితం చెప్పినట్టు చేయమని అతనికి పైనుంచి మాట. పైకి చూశాడు, తొర్ర చీకటిగా ఉంది. ఈయన్ని చూశాడు. "సరే, అవతల రెండు కొమ్మలున్నాయి, అవి కొట్టుకొస్తాం. ఈలోగా మీ టీచరమ్మ ఫోనెత్తి గూడుందని చెబితే వదిలేస్తా. లేకపోతే నన్ననకు" అన్నాడు.

జిగురాయన కాండానికి వీపు ఆనించి కూర్చున్నాడు. మళ్లీ ఫోను చేశాడు. మోగుతూనే ఉంది. ఎక్కడో సర్రుమని, ఊపిరి లాగినట్టు చిన్న చప్పుడు వినిపించింది. తొర్రలో పిల్లలా, తన ఛాతీలోనా అన్నది తెలియలేదు. చెవి ఒగ్గి విన్నాడు. చెట్టు లోపలే అనిపించింది, కాసేపటికి కాదనిపించింది. తేల్చుకోవాలని కళ్లు మూసుకున్నాడు.

కొమ్మలు కొట్టి వచ్చేసరికి పెద్దాయన తల పక్కకు వాల్చి నోరు కాస్త తెరుచుకుని ఉన్నాడు. మనుషుల్లో ఒకడు లేపబోయాడు.

"లేపకురా. మా నాన్నా ఇంతే, మధ్యలో లేపితే రోజంతా అయోమయంగా తిరిగేవాడు" అన్నాడు మేస్త్రీ. "నిద్రపోయే మనిషి నెత్తిన చెట్టెలా కొడతాం? ఇవాళ్టికి పై వరస చెట్లు చూసుకుందాం పదండి." వెళ్తూ వెళ్తూ ఆగి, బండిలోంచి కొత్త నీళ్ల సీసా తెచ్చి, లేవగానే చేతికందేటట్టు పెద్దాయన పక్కన పెట్టాడు. వాళ్లు మలుపు తిరిగాక ఆయన ఒళ్లోని ఫోను మోగింది. చాలాసేపు మోగింది.

బడి వదిలాక టీచరమ్మ వచ్చింది. "బాబాయ్" అని పిలిచింది, భుజం తట్టింది. ఆ తర్వాత ఆవిడ పిలుపు మారిపోయింది, మేస్త్రీ పరుగున వచ్చాడు. జిగురాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు.

కబురందుకుని భార్య వచ్చింది. ఏడ్చింది, ఆయన చొక్కా గుండీలు సర్దింది, మళ్లీ ఏడ్చింది. "ఏం పనుందని ఇక్కడ కూర్చున్నాడమ్మా?" అని అడిగింది. టీచరమ్మ చెట్టుకున్న స్టిక్కర్ దగ్గర ఫోను పెట్టి, కప్ప బెకబెకలు విని, బిత్తరపోయి నిలబడింది. ఇక్కడికి కప్ప ఎలా వచ్చిందో ఆవిడకూ తెలియలేదు. చెప్పగలిగిన మనిషి కింద పడుకుని ఉన్నాడు.

"పిల్లలున్నాయన్నాడండీ, తెల్ల మొహాలవి. నేను నమ్మలేదు" అన్నాడు మేస్త్రీ.

అప్పటికి పొద్దు వాలుతోంది. తొర్ర అంచుకు ఒక తెల్లటి మొహం వచ్చి, కింద చేరిన జనాన్ని చూసింది. దాని వెనక ఇంకొకటి. మేస్త్రీ తాళ్లు చుట్టి బండిలో పడేశాడు. ఈ చెట్టు జోలికి ఇప్పుడప్పుడే రానని, ఎవరూ అడగకుండానే, పైకి చూస్తూ చెప్పాడు.

ఆయన్ని మోసుకుని వెళ్లిపోయారు. అందరి వెనక భార్య వెళ్లింది. చెట్టు మొదట్లో, వీపు ఆనిన చోటుకు పక్కగా, మూత సీలైనా తెంచని నీళ్ల సీసా నిండుగా నిలబడి ఉంది.