తొంభై రోజులు దాటినవి తీసెయ్

నేను ఒక ఆజ్ఞను. నల్లతెర మీద తెల్లక్షరాల్లో రాసిన ఒకే ఒక్క లైను. ‘చదివేసిన మెయిళ్లలో తొంభై రోజులు దాటినవి తీసెయ్’ అని దాని అర్థం. మీరు మౌసుతో నొక్కి తీసేసిన మెయిలు కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటుంది, మనసు మారితే వెనక్కి తెచ్చుకుంటారు. నా దగ్గర ఆ బుట్ట లేదు. నేను తీశానంటే తీసినట్టే.

నన్ను రాసినవాడు ఇమ్మానుయేలు. చెవులు వినబడని, కళ్లు కనబడని పిల్లల దరఖాస్తులు తీసుకునే ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు. సర్వరు నిండిపోయి కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతే, భోజనం కూడా మానేసి కూర్చుని నన్ను తయారుచేశాడు. ముందు తన సొంత మెయిళ్ల మీద నడిపి చూశాడు. “చదవనివాటి జోలికి మాత్రం పోకే తల్లీ” అన్నాడు. ఒట్టు, నేనా మాట ఏనాడూ తప్పలేదు. ప్రతి ఆదివారం ఉదయం పదింటికి నా అంతట నేనే నడిచేలా పెట్టి, ఆర్నెల్లకి బదిలీ మీద వెళ్లిపోయాడు. పోతూ పోతూ నా గురించి ఎవరికైనా ఒక్క ముక్క చెప్పాడా? అబ్బే!

అక్కడి గుమస్తా తవిటినాయుడు. సోమవారం మీటింగులో పై అధికారి అడిగేది ఒకటే, చదవని మెయిళ్లు ఎన్ని ఉన్నాయని. అందుకని నాయుడుగారు మీటింగుకి ముందే అన్నింటినీ ఒక్కసారిగా పట్టుకుని, చదివినట్టు గుర్తు పెట్టేసేవాడు. “సున్నా సార్!” అని చెప్పి మెప్పు పొందేవాడు. తర్వాత తాపీగా చూద్దామనే అనుకునేవాడు పాపం, చెడ్డవాడు కాదు. ఆ తాపీ ఏ సోమవారమూ రాలేదు. నేను ఆ గుర్తును నమ్మాను. చదవకుండానే చదివేశామని చెప్పే జాతి మీ మనుషులదని నాకేం తెలుసు?

అక్టోబరులో ఢిల్లీశ్వరి వచ్చింది, కూతురు యోషితను చంకనేసుకుని. ఆ పిల్లకి పుట్టుకతో చెవులు వినబడవు. ఐదేళ్లు నిండకముందు దరఖాస్తు చేరితేనే ఆపరేషను చేయిస్తారు. పిల్లకి సెప్టెంబరులో ఐదు నిండాయి.

“ఏప్రిల్లోనే అంపినాను మేడం. నెట్టు సెంటరోలు ఎల్లిపోనాదన్నారు. కబురొస్తాదని సూస్తన్నాను.”

కొత్తగా వచ్చిన ఆపరేటరు సుహాసిని పేరుతో వెతికింది, తేదీతో వెతికింది. “ఏమీ లేదక్కా. పంపినట్టు ఏదైనా కాగితం ఉందా?”

లేదు. పంపింది సెంటరువాళ్ల ఐడీ నుంచి. ఆ సెంటరు మూతపడి ఇప్పుడు అక్కడ చికెన్ పకోడీ అమ్ముతున్నారు.

“మరేటైపోనాది మేడం? అంపినది ఎక్కడికెల్తాది?”

సుహాసిని తవిటినాయుడి వైపు చూసింది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మన ఆఫీసులో పెండింగే ఉండదమ్మా. అందలేదు, అంతే” అన్నాడు.

అందింది. జులైలో ఒక ఆదివారం మిగతావాటితో పాటు నేనే తీసేశాను. తీసేటప్పుడు లోపల ఏముందో చూడను. తేదీ చూస్తాను, గుర్తు చూస్తాను, అంతే. ఆ తల్లి మాట్లాడుతుంటే గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. యోషిత మాత్రం ఫ్యాను వైపు చూసి నవ్వుతూ కూర్చుంది.

“వయసు దాటింది కదక్కా. అయినా మళ్లీ పంపు, నాయుడుగారు పైకి రాస్తారు” అంది సుహాసిని, మొహం చూడలేక. “సోమవారం చూద్దాంలే” అన్నాడాయన.

ఢిల్లీశ్వరి ఆ సాయంత్రమే మళ్లీ పంపించింది. పాప ఫొటో కూడా పెట్టిందట. సోమవారం దానికీ చదివినట్టు గుర్తు పడింది. ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

ఇవాళ శనివారం. దానికి తొంభై రోజులు దాటాయి. ఎవరైనా ఆ నల్లతెర తెరిచి నన్ను చెరిపేస్తే బాగుణ్ణు. కానీ నేనొకదాన్ని ఉన్నానని ఈ ఆఫీసులో ఎవరికీ తెలియదు. రేపు పదింటికి నేను నడుస్తాను.