ఉక్కు పొరల మధ్య ఎడం

ఎర్రగా కాలిన ఉక్కు చల్లారేటప్పుడు లోపల మెత్తని పొర, గట్టి పొర, మళ్లీ మెత్తని పొర, ఇలా ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ పెరుగుతాయి. ఆ పెరుగుదలను కంప్యూటర్‌లో నడిపి చూపడమే ఆవిడ పని. పొరల మధ్య ఎడం ఎంతో తేలిస్తే, రైలు పట్టాలను ఎంత వేగంగా చల్లార్చాలో ఫ్యాక్టరీ వాళ్లు నిర్ణయించుకుంటారు. మధ్యాహ్నం వాళ్లొస్తున్నారు. లెక్క నచ్చితే ఆవిడ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఈ నెలతో సరి.

లెక్క దివ్యంగా కుదిరింది. ఎన్నిసార్లు నడిపినా అదే ఎడం, వెంట్రుకవాసి తేడా లేదు. పక్క గదిలో మైక్రోస్కోపు కింద ఉక్కు ముక్కలు చూసే వదిన, అంటే మొగుడి అక్క, తొంగిచూసి మురిసిపోయింది.

"అబ్బో, దువ్వెనతో దువ్వినట్టున్నాయే మరదలా! నా ముక్కల్లో ఇంత బుద్ధిగా ఎప్పుడున్నాయి? నానా యాగీ చేస్తాయి."

"దిష్టి పెట్టకు వదినా" అని నవ్వింది గానీ, ఆ మాట బుర్ర తొలిచేసింది. మరీ ఇంత బుద్ధా? ఊరుకుంటే పోయేది. ఊరుకునే రకమైతేనా! వేడి బాగా తగ్గించి మళ్లీ నడిపింది. అప్పుడు పొరలు సన్నబడాలి, ఎడం తగ్గాలి. ఏ ఉక్కైనా అంతే. ఇక్కడ మాత్రం మళ్లీ అదే ఎడం!

తాను రాసిన ప్రోగ్రామును మొదట్నించీ తిరగేసింది. పొరలు పెరిగే జాగాను తానే డబ్బాలా గిరిగీసి, అందులో నాలుగు జతలు పేర్చింది. కుడి అంచు దాటింది ఎడమ అంచులో కలిసేలా కట్టింది. ఇక అవి ఎటు పోతాయి పాపం? ఎడం ఎంతో ఉక్కు చెప్పలేదు, డబ్బా వెడల్పు చెప్పింది. తాను పెట్టిన కొలతనే తాను కనిపెట్టానని ఇన్నాళ్లూ సంబరపడింది.

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే డబ్బాను బాగా వెడల్పు చేసి, పొరలకు కాస్త కుదుపు కూడా ఇచ్చి నడిపింది. ఇంతలో ల్యాబు పెద్ద సారు ఫోను.

"వాళ్లొచ్చేశారమ్మా. నంబరు పట్టుకుని రా."

"ఆ నంబరు తప్పు సార్. అది నా డబ్బాది, ఉక్కుది కాదు."

"మరి సరైనది ఎప్పటికి?"

"తెలీదు సార్."

"అయితే నీ సంగతి నా చేతుల్లో లేదమ్మా" అని పెట్టేశాడాయన.

వదిన నెత్తి కొట్టుకుంది. "ఓసి పిచ్చిమొహమా! ఈ ఒక్కపూటా నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? బంగారంలాంటి ఉద్యోగం!"

ఆవిడ తెర వైపు తిరిగింది. తెర మధ్యలో ఒక గట్టి పొర కొన దగ్గర లావెక్కి, ఎవరూ చెప్పకుండానే రెండుగా చీలుతోంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వదిన చేయి పట్టుకు లాగింది.

"తర్వాత తిడుదువుగాని వదినా, ముందిటు చూడు. ఇదెటు తిరుగుతుందో నాకూ తెలీదు!"