ప్రణతి మళ్లీ బడికొచ్చింది

బడులు తెరిచిన రోజు ఫిల్మ్‌నగర్ బస్తీలోని సర్కారు బడి గేటుకు మామిడాకులు కట్టారు. లోపల కొత్త పుస్తకాలు పంచుతున్నారు. తల్లి సత్యలక్ష్మి చెయ్యి వదిలిందో లేదో, ప్రణతిని పిల్లలు చుట్టుముట్టారు.

"నువ్వు టీవీల వస్తవ్ కదా! సవతి తల్లి కొడితే ఏడుస్తవ్ కదా!"

"జర ఏడ్చి చూపియ్యవే," అంది చిన్ని అనే అమ్మాయి.

ప్రణతి కళ్లు మూసి తెరిచింది. కన్నీళ్లు జలజలా రాలాయి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఒకటో తరగతి మధ్యలో బడి మానినప్పటి నుంచీ ఆమె చేస్తున్న పని అదే. సీరియల్లో చిన్నకూతురి వేషం. ఈ వేసవిలో ఆ కథ ఒక్కసారిగా ముందుకు దూకి, కూతురు పెళ్లీడుకొచ్చేసింది. ప్రణతి వేషం పోయింది. ఆ సీరియల్ తీసే కంపెనీలోనే నటులకు బట్టలు కుట్టే సత్యలక్ష్మి, కూతుర్ని బడికి తీసుకొచ్చి వయసును బట్టి ఐదో తరగతిలో చేర్చింది.

తరగతిలోకి వచ్చిన మనోజ టీచర్ ఆమెను చూసి మురిసిపోయింది. "మన ప్రణతి డైలాగులు మస్తు చెప్తది. మొదటి పాఠం ఆమెనే చదువుతది. లే బిడ్డా!"

ప్రణతి లేచి పుస్తకం తెరిచింది. కొన్ని అక్షరాలు ఎక్కడో చూసిన మనుషుల్లా కనిపించాయి కానీ పేర్లు గుర్తురాలేదు. గుణింతాలూ ఒత్తులూ చేరేసరికి అంతా అల్లిబిల్లి అయిపోయింది. సెట్లో ఆమె ఏనాడూ కాగితం చూసి ఎరగదు. కెమెరా పక్కన నిలబడి ఎవరో డైలాగు చదివేవారు, అది విని తను చెప్పేది. ఇప్పుడూ ఎవరైనా అందిస్తారేమోనని అలవాటుగా ఆగింది.

భయపడుతోందనుకుని, వెనక బెంచీ నుంచి చిన్ని మొదటి వాక్యం గుసగుసగా చదివింది.

"వాన కోసం రైతు ఆకాశంవైపు చూశాడు," అని అందుకుంది ప్రణతి. ఆ గొంతు వినగానే మిగతా పిల్లలు పుస్తకాలు వదిలి ఆమెనే చూశారు. చిన్ని ఒక్కో వాక్యం అందిస్తోంది, ప్రణతి దానికి ప్రాణం పోస్తోంది. పొలం బీటలు వారింది. దాహంతో దూడ పడిపోయింది. రైతు దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. సరిగ్గా అక్కడ, కొత్త పుస్తకం కదా, చిన్ని చేతిలో రెండు పేజీలు అతుక్కుని ఒకేసారి తిరిగాయి.

"కింది ప్రశ్నలకు జవాబులు రాయండి!" అంది ప్రణతి, అదే పూడుకుపోయిన గొంతుతో, నీళ్లు నిండిన కళ్లతో.

తరగతి గొల్లుమంది. మనోజ టీచర్ కూడా నవ్వబోయింది. అంతలో ఆమె చూపు ప్రణతి పుస్తకం మీద పడింది. అది ఇంకా మొదటి పేజీ దగ్గరే ఉంది.

"ఏంది గా నవ్వు? కొత్త పుస్తకాలు, పేజీలు అతుక్కుంటయ్," అని పిల్లల్ని కసిరి, "మంచిగ చెప్పినవ్, కూసో," అంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ప్రణతిని పక్కకు పిలిచింది. "చదవనీకి రాదా బిడ్డా?"

ప్రణతి ముఖం వంకరపోయింది, ముక్కు కారింది, వెక్కిళ్లు ఆపుకోబోతే ఇంకా ఎక్కువయ్యాయి. ఈ ఏడుపు ఎలా ఏడవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"పొద్దుగాల మొదటి గంట రెండో తరగతిల కూసో. నేనే చెప్త."

"చిన్నపిల్లల్లోనా? అందరూ నవ్వుతారు టీచర్."

"నవ్వుతరు. నవ్వి నవ్వి వాళ్లే మర్చిపోతరు. నేనున్న కదా, ఫికర్ చెయ్యకు."

సాయంత్రం టీచర్ చెప్పిన సంగతి విని సత్యలక్ష్మి గేటు పట్టుకుని నిలబడిపోయింది. "సెట్లోనే మాస్టార్ని పెట్టి చదివిస్తామన్నారండీ. పెట్టారో లేదో నేనడగలేదు. గడగడా డైలాగులు చెబుతుంటే చదువు కూడా వచ్చేస్తోందనే అనుకున్నాను."

నవ్వులు టీచర్ అన్నంత తొందరగా ఆగలేదు. 'రెండో తరగతి హీరోయిన్' అన్నారు. ప్రణతి తలొంచుకుని గుణింతాలు దిద్దింది. బోనాల రోజుల్లో కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. కొత్త సీరియల్, పెద్ద వేషం, రోజంతా షూటింగ్.

"ఆదివారాలైతే పంపుతానండీ," అంది సత్యలక్ష్మి. అవతలివాళ్లు కుదరదన్నారు. వేషం ఇంకో పిల్లకు వెళ్లింది.

"నువ్వే చెడగొట్టావు!" అని ప్రణతి కంచం తోసేసింది.

"అవునే, నేనే చెడగొట్టాను. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. రేపు మాత్రం బడికెళ్లాలి."

వెళ్లింది. తల్లితో ముభావంగానే ఉంది కానీ వెళ్లింది. వానలు తగ్గేనాటికి అక్షరాలు విడివిడిగా నిలబడ్డాయి. పొడుగు మాటల దగ్గర ఇంకా తడబడేది.

దసరా సెలవుల ముందు రోజు మనోజ టీచర్ ఆమెకు ఒక కథల పుస్తకం ఇచ్చి, చిన్నపిల్లలకు చదవమంది. ప్రణతి వాళ్ల మధ్య నేలమీద కూర్చుంది. వాక్యం కింద వేలు పెట్టుకుని నెమ్మదిగా చదవసాగింది. నటన లేదు, గొంతులో ఎత్తుపల్లాలూ లేవు. ఒళ్లో తల పెట్టుకున్న రష్మి అనే చిన్నపిల్ల సగంలోనే నిద్రపోయింది. ప్రణతి గొంతు తగ్గించి, మిగతా పిల్లల్ని దగ్గరకు జరగమని సైగచేసి, కథ చివరిదాకా చదివింది.