ఎవరూ తెరవని తలుపు

తలుపు మార్చడమంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే నా గోడు ఎవరికీ అర్థం కాదు. కొండల మీద వాన, గాలి లెక్కలు తీసే టవర్లుంటాయి. వాటిని ఊళ్లో కూర్చుని చూసుకునే ఆఫీసు మాది. ప్రతి టవరు కిందా ఒక చిన్న గది, గదిలో బ్యాటరీల బీరువా, దాని పక్కన ఒక సర్వరు. ప్రతిదానికీ కొండ ఎక్కలేం కాబట్టి, ఇక్కడి నుంచే ఆ సర్వరులోకి వెళ్లి పని చేసుకోవడానికి ఎస్‌ఎస్‌హెచ్ అని ఒక దారి ఉంది. ఆ దారికి లోకమంతా వాడే తలుపు ఇరవై రెండో నంబరు. లోకానికి తెలిసింది దొంగలకు తెలియదా? ఎవడో ఒకడు ఆ తలుపు తడుతూనే ఉంటాడు. అందుకని మా మేనేజరు ఎక్కడ విన్నాడో ఏమో, అన్ని సర్వర్లకూ ఆ తలుపు మూసేసి, ఎవరూ ఊహించని పెద్ద నంబరు మీద కొత్త తలుపు పెట్టమన్నాడు.

పెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక్కటే నియమం. కొత్త తలుపులోంచి లోపలికి వెళ్లి చూసుకునేదాకా పాత తలుపు వదలకూడదు. ఈ ముక్క నేను కొత్తగా చేరిన ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేదాన్ని. ఆ రోజు పొద్దున చివరి కొండ సర్వరు మిగిలింది. మేనేజరు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇంకా అవలేదామ్మా? నిన్ననే అయిపోతుందన్నావు."

నాకసలే ముక్కు మీద కోపం. "అయిపోయింది, చూసుకోండి" అని తెర మీద పాత తలుపు ఉన్న కిటికీని ఠక్కున మూసేశాను. కొత్త నంబరు కొట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. తలుపైతే పెట్టాను గానీ, దాని ముందు కాపలా గోడలా ఉండే ఫైర్‌వాల్‌లో దారి వదలడం మరిచిపోయాను. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది నా పని. మేనేజరు తల కొట్టుకుంటూ తన గదిలోకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

దీనికి మందు ఒకటే. ఎవరో ఒకరు కొండెక్కి, ఆ సర్వరు ముందు కూర్చుని, చేత్తో దారి తెరవాలి. మా ఆఫీసులో కొండలెక్కేది మా మరిది. నేను వాళ్లింటికి కాపురానికి వచ్చినప్పుడు స్కూలు సంచీ తగిలించుకుని తిరిగేవాడు. ఉద్యోగం కూడా నేనే ఇప్పించాను.

"వదినా, ఇంట్లో అందరికీ నీతులు చెప్పేది నువ్వే, తలుపు బయట నిలబడేదీ నువ్వేనా?" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఎక్కువ మాట్లాడకు. దారి తెరిచి దిగు. తీరికుంటే ఆ వదులుగా ఉన్న బ్యాటరీల బీరువా కూడా బిగించు."

"తీరిక లేకపోయినా నువ్వు వదులుతావా?" అంటూ జీపెక్కాడు. డ్రైవరును మేమంతా పెద్దాయన అంటాం. ఆయన మరిదిని రోడ్డు అయిపోయేచోట దింపి వెనక్కి వచ్చేశాడు. అక్కడి నుంచి కాలిబాట. పైన ఫోను పనిచేయదు. సర్వరు ముందు కూర్చున్న మనిషితో మాట్లాడాలంటే మనం ఆ సర్వరులోకి వెళ్లి, తెర మీద అక్షరాలు కొట్టాల్సిందే.

మధ్యాహ్నం అయింది. కొత్త తలుపు తెరుచుకోలేదు. కొండవైపు పొగమంచు దిగడం మొదలైంది. మా తోటికోడలు, అంటే మరిది భార్య, పక్క వీధిలోని కుట్టు దుకాణంలో పనిచేస్తుంది. తిండి కూడా తినకుండా వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, ఈపాటికి దిగాలి కదా?"

"దిగుతాడులే, వాడికి ప్రతి రాయినీ పలకరించే అలవాటుంది కదా" అన్నాను గానీ నేనూ గడియారమే చూస్తున్నాను.

పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లాలి. మనుషుల్ని వెంటపెట్టుకుని పైకి ఎక్కుతాం. మంచు పూర్తిగా దిగిందంటే ఆ దారిలో నా చెయ్యి నాకే కనపడదు. ఏదో ఒకటి చెప్పండి."

నిజంగా ప్రమాదమైతే వెళ్లాలి. ఏమీ కాకపోతే, ఆ లోయ పక్కన ముసలాయన్నీ మనుషుల్నీ మంచులోకి తోయడమే అవుతుంది. వాడు ఎలా ఉన్నాడో తెలియాలి. అంతే, ఇంకేం వద్దు. ఒక కిటికీలో పాత ఇరవై రెండును ఊరికే మళ్లీ మళ్లీ తడుతూ ఉండమని వదిలేశాను. ఇంకో కిటికీలో ఆ సర్వరుకి ఉన్న తలుపులన్నీ వరసగా తట్టి చూశాను. ఒకటి తెరిచి ఉంది. నేను పెట్టిన నంబరు కాదు. ఎక్కడో మధ్యలోది, ఏ లెక్కకూ అందనిది.

"దొరికాడు వెధవ! చెప్పిన నంబరు మరిచిపోయి నోటికొచ్చింది పెట్టుంటాడు" అన్నాను. తోటికోడలు మొహం వికసించింది.

ఆ తలుపు తట్టాను. ఎప్పుడూ వచ్చే ప్రశ్నే వచ్చింది: ఈ యంత్రం నాకు తెలియదు, దీని వేలిముద్ర ఇదీ, నిజంగా లోపలికి వెళతావా? కింద బారెడు అక్షరాలు. ఒక్కో యంత్రానికీ ఒక్కో వరస, తలుపు మారినా అది మారదు. తెలిసిన సర్వరే అయినా తలుపు నంబరు మారితే చాలు, ఈ ప్రశ్న మళ్లీ అడుగుతుంది. అందుకే మా వాళ్లెవరూ ఆ అక్షరాలు చదవరు. అవును అని కొట్టేస్తారు. నేనూ కొట్టేశాను.

లోపల అంతా అదే. అదే పేరు, అవే ఫైళ్లు. సర్వరు ముందు మరిది కూర్చున్నట్టు కూడా చూపిస్తోంది. ఒక్కటే తేడా. ఆ కొండ సర్వరులో మనం కొట్టిన అక్షరం తెర మీదికి ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ రోజు పక్క గదిలో ఉన్నంత చురుగ్గా వస్తోంది. మంచిదే కదా అనుకున్నాను.

"ఏరా, బతికే ఉన్నావా?" అని కొట్టాను.

"వదినా" అని వచ్చింది. వెంటనే, "బాగానే ఉన్నాను. మంచు పట్టింది, అందుకే దిగలేదు. రాత్రికి గదిలోనే ఉంటాను."

"హమ్మయ్య! ఇప్పుడు నా ప్రాణం కుదుటపడింది" అని కొట్టాను.

"జీపు పంపకు. పెద్దాయనకి చూపు ఆనదు. లోయలో పడతాడు."

"సరే, జీపు ఆపేస్తున్నాను" అని కొట్టి, పెద్దాయనకి చెయ్యి ఊపాను. ఆయన దండం పెట్టుకుని బయటికెళ్లి బీడీ వెలిగించాడు.

తోటికోడలు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "మీ ఆవిడ ఇక్కడ ఏడుస్తోందిరా" అని కొట్టబోయి, వాణ్ని బెంగ పెట్టడం ఎందుకని మొత్తం చెరిపేశాను. పంపనే లేదు.

"ఏడవొద్దని చెప్పు" అని వచ్చింది.

నా వేళ్లు ఆగాయి. కానీ ఆనందం పొంగుతున్నప్పుడు మనిషికి బుర్ర పనిచేయదు. భార్య సంగతి భర్తకి తెలియదా, ఊహించి ఉంటాడులే అని సర్దిచెప్పుకున్నాను.

"నిద్ర వస్తోంది వదినా" అన్నాడు.

"హాయిగా పడుకో. నీకిప్పుడు పనేముంది?"

"రేపు నాకు ఈ రాత్రి వాటా తిండి కూడా కలిపి పెట్టండి."

నాకు నవ్వాగలేదు. "హహహ! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటే ఇదే" అని కొట్టాను. మా ఇంట్లో రోజుకోసారైనా వాణ్ని ఆ మాట అంటాను.

అప్పుడు రెండో కిటికీ కదిలింది.

ఇరవై రెండో నంబరు తెరుచుకుంది. ఏ ప్రశ్నా అడగలేదు. తెలిసిన మనిషిని చూసి పక్కకి జరిగినట్టు లోపలికి పంపేసింది. అక్షరాలు ఎప్పటిలాగే ఈడ్చుకుంటూ రావడం మొదలుపెట్టాయి.

"ఆఫీసులో ఎవరైనా ఉన్నారా. బ్యాటరీల బీరువా కాలి మీద పడింది. రక్తం ఆగడం లేదు. వదినకి ఏదో అయింది. వదిన కాకుండా ఇంకెవరైనా రండి. పాత తలుపు తెరిచాను. ఎవరైనా రండి."

చదువుతున్న తోటికోడలు నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగేలా. మొదటి కిటికీ వైపు చూశాను. నేనేమీ కొట్టలేదు. అక్కడ ఒక వాక్యం వచ్చి ఉంది.

"వదినా, ఆ కిటికీ మూసెయ్."

రెండు కిటికీలు, రెండింట్లోనూ మా మరిది. ఏది నిజం? మొదటి కిటికీని పైకి జరిపి, నేను చదవకుండా అవును అన్న ఆ వేలిముద్ర చూశాను. పాత తలుపు వేలిముద్ర మా యంత్రంలో ఎప్పటి నుంచో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టాను. ఒక్క అక్షరం కలిస్తే ఒట్టు.

"పెద్దాయనా!" అని నేను అరిచిన అరుపుకి మేనేజరు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. పెద్దాయన బీడీ పారేసి, ఏమిటని కూడా అడగకుండా మనుషుల్ని ఎక్కించుకుని బయల్దేరాడు. మంచు అప్పటికే రోడ్డు మీదికి వచ్చేసింది. మొదటి కిటికీని మూసేశాను. రెండో దాంట్లో, "నేనేరా, వదినని. జీపు బయల్దేరింది. నిద్రపోకు, నీకు దండం పెడతాను" అని కొట్టాను.

చాలాసేపటికి జవాబొచ్చింది.

"నువ్వొద్దు. ఇంకెవరినైనా కూర్చోబెట్టు."

లేచి నా కుర్చీలో తోటికోడల్ని కూర్చోబెట్టాను. ఆ పిల్లకి కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడం కూడా సరిగ్గా రాదు. ఒక్కొక్కటీ ఏరుకుంటూ, ఏడుస్తూ, మొగుణ్ని మెలకువగా ఉంచింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

తెచ్చారు. ప్రాణంతో తెచ్చారు. పెద్దాయన ఆ మంచులో దారి చూసి బండి నడపలేదు. మనిషిని ముందు నడిపించి, వాడి చొక్కా రంగు చూసుకుంటూ వెనక పోనిచ్చాడట. కాలు మాత్రం మోకాలి కింద తీసేశారు. ఇంకొంచెం ముందు తెస్తే కాలు దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆయన మామూలుగానే అన్నాడు. ఆ ఇంకొంచెం ఎవరి పుణ్యమో ఆయనకేం తెలుసు?

మేనేజరు కంప్యూటర్ సెక్యూరిటీ వాళ్లను పిలిపించాడు. వాళ్లు అన్నీ తిరగేసి, ఆ సర్వరుకి అలాంటి తలుపు ఎప్పుడూ లేదన్నారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి, ఇటువాళ్ల మాట అటు, అటువాళ్ల మాట ఇటు అందించే మోసం ఒకటుందట. దానికి ఆ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఒక యంత్రం ఉండాలి. మా ఆఫీసు కప్పు మీది యాంటెనాకీ, ఆ కొండ మీది టవరుకీ మధ్య ఏముంది? గాలి, మంచు. అంతే. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, అన్ని సర్వర్లకూ తాళాలు మార్చి పోయారు.

మరిది నాతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఆసుపత్రిలో నేను వెళ్లినప్పుడల్లా గోడవైపు తిరిగేవాడు. ఒకరోజు తోటికోడలు అన్నం కలుపుతుంటే తనే అడిగాడు.

"వదినా, అప్పటికి నేనింకా ఏ తలుపూ తెరవలేదు. అసలు లోపలికి ఎలా వచ్చావ్?"

"నేను రాలేదురా."

"వచ్చావ్. నీ పేరుతో వచ్చావ్. బీరువా పడింది, కాలు నలిగింది అని కొట్టాను. హమ్మయ్య, నా ప్రాణం కుదుటపడింది అన్నావ్."

నేను మంచం కమ్మీ పట్టుకున్నాను.

"త్వరగా పంపించు అన్నాను. జీపు ఆపేస్తున్నానన్నావ్. స్పృహ తప్పేలా ఉంది వదినా, భయమేస్తోంది అన్నాను. హాయిగా పడుకో, నీకిప్పుడు పనేముంది అన్నావ్. చచ్చిపోతానేమో, మా ఆవిడని చూసుకో అన్నాను. నువ్వు నవ్వావ్. పుడకలన్నావ్."

కాలు లేని చోట దుప్పటి సర్దుకున్నాడు. తోటికోడలు చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"అవి నీ మాటలేనా, కాదా? అది చెప్పు చాలు."

కాదని ఎలా చెప్పను? ఒక్కొక్క మాటా ఈ వేళ్లతో కొట్టిందే. "నావేరా" అన్నాను. అని, ఏడుస్తూనే నాకు కనిపించినవన్నీ చెప్పాను. బాగానే ఉన్నానని వాడన్నది, జీపు వద్దన్నది, తిండి కలిపి పెట్టమన్నది. పక్కన కూర్చుని చదివిన తోటికోడలు ప్రతిదానికీ తలూపింది. పెళ్లాం తలూపేసరికి వాడి మొహంలో బిగువు కొంచెం సడలింది. దిండు సర్దుకుని నా వైపు తిరిగాడు.

"అంటే, మధ్యలో ఎవడో నా మాటలన్నీ మార్చేసి నీకు చూపించాడంటావ్."

"అంతేరా. నా తల్లి మీద ఒట్టు."

"మరి నీ మాటలు ఎందుకు మార్చలేదు?"

తోటికోడలు కూడా తలెత్తి నా వైపు చూసింది. ఇద్దరూ నిజంగానే నా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

"మార్చే పని లేకపోయిందిరా" అన్నాను.